మూడు వందల పన్నెండు

మా బావకి టెస్టు క్రికెట్ అంటే ప్రాణం. మనవాళ్ళు ఆడే టెస్టు క్రికెట్ మాత్రం ఆయన ప్రాణం తోడేసేది. ఈ రెండిటి మధ్యా నలిగిపోయింది ఎవరయ్యా అంటే నేను. ఆయన ఉత్త మా అక్క మొగుడే అయితే, ఎప్పుడైనా వాళ్ళింటికి వెళ్ళినప్పుడు ఓ పూట భరించి వచ్చేసేవాణ్ణి. కానీ మేమిద్దరం ఒకే డబ్బాలో పనిచేస్తాం.

డబ్బా అంటే నిజంగా డబ్బానే. మా స్టేడియంలో స్కోరుబోర్డు కరెంటుతో వెలిగేది కాదు, చేత్తో అంకెల రేకులు తగిలించేది. జనానికి కనిపించేది దాని ముందువైపు, నల్లగా, హుందాగా. వెనకవైపు ఇనప మెట్లు, పైన రేకుల గది, లోపల గోడ నిండా కొక్కేలకి వేలాడే అంకెలు. మొత్తం పరుగుల వరస బావది. వికెట్లూ, ఆడుతున్న ఇద్దరి పరుగులూ నావి. మధ్యలో అడ్డంగా ఓ సందు ఉంటుంది, అందులోంచే మ్యాచ్ చూడాలి. గ్రౌండంతా కనిపిస్తుంది గానీ సరిగ్గా మా కాళ్ళ కింద ఉండే బౌండరీ గీత కనిపించదు. బంతి అటొస్తే అంపైర్ చెయ్యి చూసి నాలుగో, మూడో వేసుకోవాలి. ఓవర్ అవగానే అవతలి బిల్డింగులో కూర్చునే స్కోరర్ ఫోన్ చేస్తాడు, మొత్తం సరిచూసుకుంటాం. పని అంతే.

ఇంకొకటి ఉంది. మా మెట్ల తలుపు, బంతి బాగా కనపడాలని బ్యాట్స్‌మన్ ఎదురుగా పెట్టే తెర, అదే సైట్ స్క్రీన్‌ని ఆనుకుని ఉంటుంది. ఆట జరుగుతుండగా అది తెరుచుకుంటే బ్యాట్స్‌మన్ కంట్లో పడుతుంది, గొడవ. అందుకని ఆట మొదలవగానే పిచ్ తాత వచ్చి బయట గొళ్ళెం పెట్టేసి పోతాడు. పిచ్ తాత అంటే మా గ్రౌండ్‌లో అందరికంటే పాత మనిషి, రూలంటే రూలే. లంచ్‌కి తీస్తాడు, టీకి తీస్తాడు. మధ్యలో మీకు కడుపునొప్పి వచ్చినా, కొంప అంటుకున్నా లోపలే. ఎండాకాలం ఆ రేకుల కింద మేం ఉడికే ఉడుకు చూస్తే మీకు జాలేస్తుంది.

మ్యాచ్‌లు లేని రోజుల్లో నేను స్టోరు చూసుకుంటాను, బావ పెయింటింగ్ పని చేస్తాడు. కుర్చీలకీ, గేట్లకీ రంగులు వేస్తాడు, అంకెల రేకులకి కూడా. అన్ని రేకుల్లోకీ ముందు పెచ్చులూడేవి సున్నాలు. "చూశావా, మనవాళ్ళ చలవ," అనేవాడు బ్రష్షు ముంచుతూ. "ఎనిమిదికీ తొమ్మిదికీ నేను వచ్చినప్పుడు వేసిన రంగే ఉంది. వీటికి మాత్రం ఏటా వెయ్యాలి."

ఆయన ఆ డబ్బాలో చేరింతర్వాత మా గ్రౌండ్‌లో జరిగిన టెస్టుల్లో మనవాళ్ళు ఒక్కటి గెలవలేదు. సరే, గెలవకపోతే పీడాబోయె. ఒక్కటి డ్రా చెయ్యలేదు. ఓడటం కూడా మామూలు ఓటమి కాదు. లంచ్ దాకా బ్రహ్మాండంగా ఆడతారు, బావ ముఖం వెలిగిపోతుంది, నాకు కూడా ఓ అరటిపండు ఇస్తాడు. సరిగ్గా లంచ్ ముందు ఒకడు పోతాడు. లంచ్ చేసి వచ్చాక వాడి వెనకాలే నలుగురు, సినిమా వదిలినట్టు. నేను వికెట్ల రేకు మార్చలేక చస్తాను.

అప్పుడు బావ నోరు తెరిచేవాడు. సందులో మూతి పెట్టి, పిచ్ మీదున్న వాడికి నేరుగా వినిపిస్తోందన్నంత నమ్మకంగా అరిచేవాడు.

"లంచ్‌కి ముందు ఆఖరి ఓవర్‌రా! ఇప్పుడు కట్ కొడతావా? అంత ఆకలేస్తే చెప్పు, నేను తెచ్చి పెడతాను!"

"ఒరే, అది పోయే బంతిరా! దాని దారిన అది పోతోంది! వదిలేస్తే నీ సొమ్మేం పోయింది?"

"సాయంత్రం పూట వికెట్ కాపాడ్డానికి నైట్‌వాచ్‌మన్నంట! మా వీధి వాచ్‌మన్ని పంపండి, కనీసం కర్ర కదపకుండా నిలబడతాడు!"

మా పక్క గ్యాలరీలో కూర్చునేవాళ్ళకి ఆ గొంతు బాగా తెలుసు. మాట సగం రేకుల్లోనే గింగిర్లు తిరిగి, గాలికి పోయి, ఏమన్నాడో ఎవరికీ పూర్తిగా అర్థమయ్యేది కాదు. అయినా ఆ గింగిరు వినపడగానే ఈలలు వేసేవాళ్ళు. నేను బావా బావా అనడం విని వాళ్ళూ అలాగే పిలిచేవాళ్ళు. "బోర్డు బావ మొదలెట్టాడ్రోయ్!" అని అరిచి, ఆయన లయలోనే వాళ్ళూ అందుకునేవాళ్ళు. మ్యాచ్ పోయినా వాళ్ళకి అదో కాలక్షేపం.

ఇంట్లో కూడా ఇదే తంతు. మనవాళ్ళు వేరే దేశంలో ఆడుతుంటే టీవీ ముందు నేలమీద కూర్చుని, కంచంలో చెయ్యి ఎండిపోతున్నా తెలియకుండా తిట్టేవాడు. మా అక్క వంటింట్లోంచి అరిచేది: "ఏమండీ, వాళ్ళకి వినపడదు! పక్కింటివాళ్ళకి వినపడుతోంది!" ఓసారి నేను ఉండబట్టలేక అడిగాను. "అంత ఏడుస్తూ చూడ్డం ఎందుకు బావా? మానెయ్యొచ్చుగా?"

"మానేస్తే?" అన్నాడు. "నేను మానేసిన రోజే వాళ్ళు డ్రా చేస్తే? నాకు గెలుపు వద్దురా బామ్మర్దీ. ఒక్కసారి, నా చేత్తో, మన బోర్డు మీద, వీళ్ళు గండం గట్టెక్కిన అంకె తగిలించాలి. తర్వాత ఈ డబ్బాలోంచి నన్ను మోసుకుపోయినా పర్లేదు."

హాస్యానికి అనలేదు. ఆ మనిషికి ఇంకో కోరిక ఉన్నట్టు నేను ఎరగను.

ఆ టెస్టు అలాగే మొదలైంది. వచ్చినవాళ్ళు తాపీగా ఆడి ఐదు వందల పదకొండు కొట్టి, ఇక చాల్లే అని డిక్లేర్ చేశారు. మనవాళ్ళు రెండు వందల లోపు తేడాకి రావాలి. అంటే మూడు వందల పన్నెండు చెయ్యాలి. చెయ్యలేకపోతే ఫాలో ఆన్, మళ్ళీ వెంటనే దిగాలి. చేస్తే మాత్రం మ్యాచ్ బతికినట్టే, ఎందుకంటే ఆఖరి రోజు వాన ఖాయమని రేడియో, టీవీ, పిచ్ తాత మోకాళ్ళు అన్నీ ఒకే మాట మీద ఉన్నాయి.

యథాప్రకారం తొమ్మిది మంది పోయారు. మిగిలింది వికెట్ కీపరు, ఒక కొత్త ఫాస్ట్ బౌలరు. ఆ కుర్రాడికి అదే మొదటి టెస్టు. తాడిచెట్టంత మనిషి, బ్యాటు వాడి చేతిలో గరిటలా ఉంది. బావ వాణ్ణి చూడగానే పొడుగోడు అని పేరు పెట్టి, "అయిపోయింది, తట్టా బుట్టా సర్దు," అన్నాడు నాతో.

పొడుగోడు అవుటవలేదు. మొదటి బంతి వదిలేశాడు. రెండోది వదిలేశాడు. వికెట్ మీదికొస్తే బ్యాటు అడ్డం పెట్టాడు, బయటికి పోతే చేతులు పైకెత్తి పోనిచ్చాడు. ఒంటికి తగిలింది, రుద్దుకున్నాడు, మళ్ళీ నిలబడ్డాడు. అవతల కీపరు ఒకటీ రెండూ తీస్తూ పోయాడు. బావ అరుపులు ఆగిపోయాయి. సందుకి ముఖం ఆనించి గొణుగుతున్నాడు.

"వదుల్తున్నాడ్రా," అన్నాడు. "చూశావా, వదుల్తున్నాడు! ఇన్నేళ్ళలో బంతిని వదలడం తెలిసిన వెధవని ఇప్పుడు చూస్తున్నాను. వీడు ఎవరి కొడుకోరా, వాళ్ళమ్మ కడుపు చల్లగుండా!"

ఆయన నోట ఒక బ్యాట్స్‌మన్ గురించి మంచిమాట వినడం నాకు అదే మొదలు. వాడు బ్యాట్స్‌మన్ కూడా కాదాయె.

మూడు వందల ఎనిమిది. ఇంకో నాలుగు కావాలి. గ్రౌండంతా లేచి నిలబడింది. కీపరు ఓ బంతిని కాళ్ళ మీదినుంచి మా వైపు తిప్పాడు. ఫీల్డర్ పరుగెత్తుకొస్తున్నాడు, బంతి వాడికంటే ముందు మా కిందకి దూరిపోయింది. ఇక కనపడలేదు. పక్క గ్యాలరీ ఒక్కసారి కేక పెట్టింది. అంతే, బావ వెనక్కి తిరిగాడు. అంపైర్ చెయ్యి కోసం ఆగలేదు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆగకుండా రేకు ముట్టుకోని మనిషి, ఒకటి రేకూ రెండు రేకూ గోడ మీంచి లాగి, సున్నానీ ఎనిమిదినీ పీకి కింద పడేసి, తగిలించేశాడు. మూడు వందల పన్నెండు.

తర్వాత నన్ను కావలించుకున్నాడు. ఊపిరాడలేదు నాకు. ఆయన చెమట, రేకుల వేడి, బయట జనం హోరు. ఏడుస్తున్నాడు. "గట్టెక్కాంరా, గట్టెక్కాంరా," అంటున్నాడు. ఆయన భుజం మీంచి నాకు సందు కనిపిస్తోంది. అందులోంచి పొడుగోడు. తలెత్తి మా బోర్డు వైపు చూశాడు. కళ్ళు చికిలించి, పెదాలు కదుపుతూ అంకె చదువుకున్నాడు. బ్యాటు చంకలో పెట్టుకుని, రెండు చేతులూ మాకేసి ఎత్తాడు. వాడి పళ్ళు కూడా కనిపించాయి.

"బావా, అటు చూడు," అన్నాను. బావ తిరిగి చూశాడు. ఆయన కూడా రెండు చేతులూ ఎత్తాడు, వాడికి కనపడవని తెలిసినా.

ఫోన్ మోగింది. ఓవర్ ఇంకా అవలేదు. బావ నవ్వుతూనే తీశాడు, అభినందిస్తారనుకున్నాడో ఏమో.

"ఏం వేశారయ్యా?" స్కోరర్ అరుపు నా దాకా వినపడింది. "మూడే! గీత మీద ఆపేశాడు, మూడే తీశారు! మార్చండి!"

నేను సందువైపు పరుగెత్తాను. మూడు పరుగులవడంతో బ్యాటింగ్ పొడుగోడికి వచ్చింది. వాడు ఇందాకటిలా ఒదిగి నిలబడి లేడు. గండం దాటిపోయింది, ఇక ఓ దెబ్బ కొడదాం అన్నట్టు కాళ్ళు దూరంగా పెట్టి, బ్యాటు పైకెత్తుకుని ఉన్నాడు. బౌలర్ పరుగెత్తుకొస్తున్నాడు. బావ చేతిలో ఒకటి రేకు ఉంది, కొక్కెం దొరకడం లేదు. పొడుగోడు చేతులున్నంత మేరా ఊపాడు. మధ్య వికెట్ ఎగిరి వాళ్ళ కీపర్ దాకా పోయింది.

బోర్డు మీద మూడు వందల పదకొండు పడేటప్పటికి మనవాళ్ళిద్దరూ మైదానం సగం దాటిపోయారు. ఫాలో ఆన్. రెండోసారి దిగి మనవాళ్ళు ఇన్నింగ్స్ తేడాతో ఓడారు. ఓడిపోయి, అందరూ సర్దుకుని వెళ్ళాక, వాన కుండపోతగా పడింది. మేం ఆ డబ్బాలోనే కూర్చుని విన్నాం. రేకుల మీద ఆ చప్పుడు ఎలా ఉంటుందో మీకు చెప్పలేను.

మెట్లెక్కి సెక్రటరీ వచ్చాడు. గ్రౌండ్ వ్యవహారాలన్నీ ఆయన చేతిలోనే. "బోర్డు తప్పు పడలేదు," అన్నాడు రొప్పుతూ. "రేకులు మారుస్తుంటే ఎవడికో అలా కనిపించింది. ఆఫీసు తరఫున అదే చెప్తున్నాం. మీ ఇద్దరిలో ఎవరు నోరు విప్పినా మీకిదే చివరి మ్యాచ్. ఇద్దరికీ."

"అలాగే సార్," అన్నాను నేను. నాకు ఇద్దరు పిల్లలు. అలాగే సార్ అనక ఏమంటాను? ఇప్పుడైనా అదే అంటాను.

బావ బోర్డు మీంచి రేకులు తీసి కొక్కేలకి తగిలిస్తున్నాడు.

బోర్డులో ఏదో తేడా వచ్చిందని ఒక పేపరు రాసింది. ఆఫీసు కాదంది. అక్కడితో ఆ ముచ్చట ముగిసిపోయింది, ఎందుకంటే జనానికి బోర్డు అక్కర్లేదు. మనిషిని తిట్టడంలో ఉన్న సుఖం బోర్డుని తిట్టడంలో ఎక్కడుంటుంది? ఒక్క పరుగు! ఒక్క పరుగు ఉందనగా గుడ్డిగా ఊపిన వెధవ! మూడు పరుగులు వాడే పరుగెత్తాడు కదా, లెక్క తెలీదా? ఒళ్ళు పెరిగింది గానీ బుర్ర పెరగలేదు! టీ కొట్టు దగ్గర, బస్సులో, మంగలి షాపులో అదే మాట. వాణ్ణి తర్వాతి టెస్టుకి తీసేశారు. మళ్ళీ పిలవలేదు. వాడు పేపర్లకి ఒక్క ముక్క కూడా చెప్పలేదు, అదీ తప్పయింది. "చూశావా, పొగరు," అన్నారు.

టీ కొట్టువాడు బావని చూడగానే బెంచీ తుడిచి కూర్చోబెట్టేవాడు. "రా బోర్డు బావా, నువ్వు మొదలెట్టు. పొడుగోణ్ణి నువ్వు తిడితే వినాలని అందరం కాసుకుని ఉన్నాం." బావ గ్లాసు కింద పెట్టేసి లేచి వచ్చేసేవాడు. కొన్నాళ్ళకి అటు వెళ్ళడమే మానేశాడు. పనయ్యాక వెనక గేటులోంచి, చుట్టూ తిరిగి ఇంటికి పోయేవాడు.

మొదట్లో మా అక్క సంబరపడింది. "ఇల్లు ఎంత నిమ్మళంగా ఉందిరా తమ్ముడూ! టీవీ పెట్టినా నోరెత్తట్లేదు," అంది. తర్వాత ఓరోజు స్టోరుకే వచ్చేసింది. వాకిట్లో నిలబడి నన్ను నిలదీసింది.

"ఏం జరిగిందిరా ఆ డబ్బాలో?"

"ఏం జరగలేదక్కా."

"నాకు కథలు చెప్పకు. నిన్న మనవాళ్ళు వందలోపు ఆలౌట్ అయ్యారు. వందలోపు! ఆయన చూస్తూ కూర్చున్నారు. ఒక్క మాట అనలేదు. ఒరే, ఆ మనిషి తిట్టట్లేదురా. నాకు భయంగా ఉంది."

చెప్పాను. చెప్పకుండా ఆమెని పంపడం నావల్ల కాలేదు. అంతా విని, "అయితే ఆ అబ్బాయి దగ్గరికెళ్ళి నాదే తప్పని చెప్పుకోమను," అంది.

"చెప్తే? వాడు పేపరువాళ్ళకి చెప్తాడు. ఉద్యోగాలు ఊడతాయి. నువ్వేం తింటావు, నేనేం తింటాను?"

"ఉద్యోగం పోతే ఇంకోటి చూసుకోవచ్చురా. ఇక్కడ నా మొగుడు పోతున్నాడు," అంది. గట్టిగా కూడా అనలేదు.

నాకు కోపమొచ్చింది. అందరికీ బావ గురించే బెంగ. అదే డబ్బాలో, అదే గొళ్ళెం వెనక, మాటా పలుకూ లేని మనిషి పక్కన రోజంతా కూర్చునేది నేను. ఆయన ఇప్పుడు అంపైర్ చెయ్యి చూసి, మళ్ళీ చూసి, నన్ను కూడా అడిగి, అప్పుడు గానీ రేకు ముట్టుకోవడం లేదు. ఒక పరుగుకి కూడా. "ఒకటేనా? సరిగ్గా చూశావా? ఒకటేనా?" అంటాడు. తిట్టినా బాగుండునని నాకే అనిపించేది. ఎదురుగా మనవాళ్ళు ఎప్పటిలాగే చెత్తగా ఆడుతున్నారు, పోయే బంతుల్ని వేటాడుతున్నారు, వాళ్ళని అనే హక్కు మాత్రం ఈయనకి పోయింది. ఒకసారి నేనే ఉడికించాలని, "చూడు బావా, లంచ్‌కి ముందు కట్ కొట్టాడు," అన్నాను. నావైపు చూసి, "పాపం, చెయ్యి జారి ఉంటుంది," అన్నాడు. పాపమా! మా బావ నోట! నాకు ఏడుపొక్కటే తక్కువ.

మరుసటి ఏడాది మా గ్రౌండ్‌లో దేశవాళీ మ్యాచ్ ఒకటి పడింది. జట్టు కాగితం చూసి నేను దాచాలనుకున్నాను గానీ బావ ముందే చూశాడు. పొడుగోడు ఆడుతున్నాడు.

ఆ మ్యాచ్‌లకి జనం ఉండరు. మా పక్క గ్యాలరీలో మాత్రం పాతవాళ్ళు ఓ గుంపు వచ్చారు, వాడి కోసమే. పొడుగోడు బౌలింగ్‌కి నడుస్తుంటే ఒకడు లేచి అరిచాడు.

"మూడు వందల పన్నెండు!"

గుంపంతా అందుకుంది. "మూడు వందల పన్నెండు!" వాడు బౌండరీ దగ్గర నిలబడితే అదే, నీళ్ళు తాగితే అదే. వాడు తల తిప్పలేదు. అలవాటైపోయినట్టుంది. ఎక్కడికెళ్ళినా ఇదే అంకె వాడి వెంట వెళ్తోందన్నమాట. బావ గోడకి ఆనుకుని చెవులు మూసుకున్నాడు. ఆ డబ్బాలో మూసుకున్నా వినపడుతుంది.

లంచ్‌కి పిచ్ తాత గొళ్ళెం తియ్యడం ఆలస్యం, బావ మెట్లు దిగిపోయాడు. "బావా, ఆగు! పిల్లలున్నారు నాకు!" అని వెనకాలే పరుగెత్తాను. ఆయన వినలేదు. నెట్స్ పక్కన కుళాయి దగ్గర పొడుగోడు ఒక్కడే కూర్చుని బూటు లేసు కట్టుకుంటున్నాడు. దగ్గర్నుంచి చూస్తే ఇంకా చిన్నవాడిలా ఉన్నాడు.

"బాబూ," అన్నాడు బావ. "నేను స్కోరుబోర్డు మనిషిని. ఆ రోజు పన్నెండు వేసింది నేనే. అంపైర్ చెయ్యి చూడకుండా వేశాను. మూడైతే నాలుగు వేశాను. నువ్వు నా అంకె నమ్ముకుని కొట్టావు. ఇన్నాళ్ళూ నీ ముఖం చూడలేక..." రెండు చేతులూ జోడించాడు. "నన్ను ఏమన్నా అను బాబూ. నాలుగు తిట్టు. కొట్టినా సరే."

పొడుగోడు లేసు వదిలేసి లేచి నిలబడ్డాడు. మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఏదో అనబోయాడు, ఆగాడు. తర్వాత నవ్వాడు.

"బోర్డా? నేను ఆ రోజు బోర్డు వైపే చూడలేదంకుల్. నాకసలు బ్యాటింగ్ రాదు కదా, భయమేసి ఊపేశాను. మీ తప్పేం లేదు. ఊరికే మనసులో పెట్టుకోకండి." బావ భుజం మీద చెయ్యి వేశాడు. "భోంచేశారా? టైమైపోతోంది, వెళ్ళి తినండి."

వాడు వెళ్ళిపోయాడు. బావ అక్కడే నిలబడిపోయాడు. నాకైతే గుండెల మీంచి బండ దిగింది. "విన్నావుగా! వాడే చెప్పాడుగా!" అంటూ లాక్కొచ్చాను. ఆయన ఏమీ తినలేదు. పిచ్ తాత గొళ్ళెం పెట్టి వెళ్ళాక, కొక్కేల వైపు చూస్తూ అన్నాడు.

"మనకేసి చేతులెత్తాడు కదరా."

నేనూ చూశానుగా.

"తిట్టించుకుందామని వెళ్ళాను. ఒక్క తిట్టు తిట్టినా బయటపడేవాణ్ణి. నా తప్పు కూడా వాడే మోస్తానన్నాడు. ఇప్పుడు నేనెక్కడికి పోనురా?"

ఆట మొదలైంది. పొడుగోడు మాకు కనపడేంత దూరంలో, గ్యాలరీ ముందు ఫీల్డింగ్‌కి నిలబడ్డాడు. పైనుంచి మళ్ళీ అదే అరుపు. ఎవడో ఖాళీ సీసా కూడా విసిరాడు. వాడు వంగి, దాన్ని తీసి, గీత అవతల పెట్టి వచ్చాడు.

బావ సందులో ముఖం పెట్టాడు. ఏడాది తర్వాత ఆ గొంతు లేచింది. నేను ఆపుదామని చెయ్యి చాచాను, మరెందుకో ఆపలేదు.

"ఆపండ్రా! నోళ్ళు ముయ్యండి! ఆ పన్నెండు వేసింది నేను! తప్పు నాదిరా! వాణ్ణొదిలి నన్ను తిట్టండి! నన్ను!"

రేకులు దద్దరిల్లాయి. గ్యాలరీ ఒక్క క్షణం ఆగి మా వైపు తిరిగింది. తర్వాత ఈలలు.

"బోర్డు బావ! బోర్డు బావ మొదలెట్టాడ్రోయ్!"

"ఇన్నాళ్ళకి! తిట్టు బావా, వాయించు వాణ్ణి!"

బావ ఇంకా గట్టిగా అరిచాడు. ఆయన ఎంత అరిస్తే వాళ్ళకి అంత హుషారు. ఆయన లయ పట్టుకుని, ఆయన ఊపిరి తీసుకునే చోటల్లా "మూడు వందల పన్నెండు!" కలుపుతున్నారు. పొడుగోడు ఒక్కసారి మా బోర్డు వైపు చూశాడు. వాడికి మాటలు వినపడ్డాయో, గోల ఒక్కటే వినపడిందో నాకు తెలియదు. వెంటనే పిచ్ వైపు తిరిగి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగాడు.

బావ సందు వదిలేసి మెట్ల వైపు పరుగెత్తాడు. తలుపు మీద పిడికిళ్ళతో బాదడం మొదలెట్టాడు. "తాతా! తలుపు తియ్యి! నేను వాళ్ళకి చెప్పాలి! ఒక్కసారి తియ్యి!"

"టీకి తీస్తా," అని అవతల్నుంచి పిచ్ తాత గొంతు. "ఆట జరుగుతోంది, తెలీదా?"

ఫోన్ మోగింది. ఓవర్ అయిపోయింది, మొత్తం ఎంత వేశారని స్కోరర్ అడిగాడు. బావ వరస ఇంకా పాత అంకె మీదే ఉంది. నేనే వెళ్ళి రేకులు మార్చాను. వెనక బావ తలుపు బాదుతూనే ఉన్నాడు. బయట గ్యాలరీ ఆ దెబ్బలకి తాళం వేస్తూ చప్పట్లు కొడుతోంది.